మైళ్ళతో కొన్న టికెట్‌కి రెండో ధర

మొన్న ఒక స్నేహితుడితో మాట్లాడుతుంటే రివార్డు టికెట్ల మాట వచ్చింది, అంటే విమానాలెక్కీ కార్డులు వాడీ కూడబెట్టిన మైళ్ళతో (పాయింట్లతో) తీసుకునే టికెట్లు. నా మైళ్ళున్న ఎయిర్‌లైన్ మళ్ళీ సర్‌చార్జీలు పెంచిందని నేను విసుక్కుంటే, "ఊరికే వచ్చిన పాయింట్లు, ఊరికే వచ్చే సీటు. పైన కాస్త కట్టమంటే ఏమైందిరా?" అన్నాడు. అప్పటికేదో చెప్పి ఊరుకున్నాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. అందులో కొంత నిజం ఉంది. ఎంత నిజమో, ఎక్కడ దారి తప్పిందో తేల్చుకుందామని ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రివార్డు టికెట్ మీద ప్రభుత్వాలు వేసే పన్నులు మనమే కట్టాలి. ఎయిర్‌పోర్టు చార్జీలూ కట్టాలి. వాటితో నాకు పేచీ లేదు. ఎయిర్‌లైన్ తనకోసం తాను వేసుకునే సర్‌చార్జీ సంగతి వేరు. అది టికెట్ ధరలో ఒక ముక్క. ఆ ధరని మనం మైళ్ళ రూపంలో ఇచ్చేశాక మళ్ళీ డబ్బు రూపంలో అడగడం, దాన్ని పన్నుల పక్కన కూర్చోబెట్టి చూపించడం, ఎప్పుడు కావాలంటే అప్పుడు పెంచుకోవడం అన్యాయమని నా వాదన. టికెట్‌కి కావలసిన మైళ్ళు పెంచితే నాకు కోపం వస్తుంది. సర్‌చార్జీ పెంచితే మాత్రం నన్ను మోసం చేశారనిపిస్తుంది.

ఆ డబ్బు ఎవరికి పోతుంది

ఈ-టికెట్ రసీదులో కిందివైపు రెండక్షరాల కోడ్‌లు వరసగా ఉంటాయి. చాలావరకు ఏదో ఒక దేశపు పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు. వైక్యూ, వైఆర్ అనే రెండు మాత్రం ఏ దేశానివీ కావు. అవి ఎయిర్‌లైన్‌వి. డబ్బుతో కొన్న టికెట్‌లో బేస్ ఫేర్, అంటే అసలు ధర ఉంటుంది, దానికి ఇవి కలుస్తాయి, ఆ తర్వాత పన్నులు. రివార్డు టికెట్‌లో బేస్ ఫేర్ సున్నా అవుతుంది. వైక్యూ మాత్రం చాలా ఎయిర్‌లైన్ల మైళ్ళ ప్రోగ్రాముల్లో అలాగే ఉండిపోతుంది.

ఒకసారి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఇదేమిటని అడిగాను. "అవన్నీ గవర్నమెంట్ టాక్సులండీ" అంది ఆ అమ్మాయి. వైక్యూ అని ఉన్న మొత్తం ఏ గవర్నమెంటుకి వెళ్తుందని అడిగితే కాసేపు హోల్డ్‌లో పెట్టి వచ్చి, "మాకు సిస్టమ్‌లో అలాగే కనిపిస్తోందండీ" అంది. ఆమెని తప్పు పట్టలేం. ఆమె ముందున్న స్క్రీన్ మీదా, నా ముందున్న స్క్రీన్ మీదా 'పన్నులు, ఫీజులు, చార్జీలు' అంటూ ఒకే అంకె ఉంది. పన్ను అనగానే ఎవరూ బేరమాడరు, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. సర్‌చార్జీకి ఆ చాటు దొరికింది.

పన్నులు నిజంగానే ఎక్కువగా ఉండే చోట్లు లేవని కాదు. బ్రిటన్‌లో 1994 నుంచి విమాన ప్రయాణికుల మీద ఒక సుంకం ఉంది. దూరాన్ని బట్టి, క్యాబిన్‌ని బట్టి మారుతుంది. బిజినెస్ క్లాసులో వెళ్ళేవాళ్ళకి ఎకానమీ రేటుకి రెట్టింపు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. అక్కణ్ణుంచి రివార్డు టికెట్‌తో బయల్దేరేవాళ్ళు కట్టేదాంట్లో ఈ సుంకం వాటా తక్కువేం కాదు. దాన్ని ఎయిర్‌లైన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. అందుకే రెంటినీ విడివిడిగా చూపించమంటున్నాను. ఎవరి భాగం ఎంతో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఇంధనం పేరు మీద మొదలైంది

2004లో చమురు ధరలు పెరుగుతున్నప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటి సంస్థలు ఇంధన సర్‌చార్జీ మొదలుపెట్టాయి. తాత్కాలికంగా వచ్చిన ఖర్చు, తాత్కాలికంగా వేసిన చార్జీ. అప్పటికి ఆ మాట నమ్మదగినదే. కానీ 2004 ఆగస్టు నుంచి 2006 జనవరి దాకా బ్రిటిష్ ఎయిర్‌వేస్, వర్జిన్ అట్లాంటిక్ ఈ సర్‌చార్జీల గురించి లోపాయికారీగా మాట్లాడుకున్నాయని తర్వాత బయటపడింది. ఆ కాలంలో దూర ప్రయాణపు రానుపోను టికెట్ మీద సర్‌చార్జీ 5 పౌండ్ల నుంచి 60 పౌండ్లకి పెరిగింది. 2007లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి బ్రిటన్‌లో 12.15 కోట్ల పౌండ్ల జరిమానా ప్రకటించారు, తర్వాత దాన్ని 5.85 కోట్లకి తగ్గించారు. అమెరికాలో ఇంకో 30 కోట్ల డాలర్లు పడింది. విషయాన్ని ముందుగా బయటపెట్టినందుకు వర్జిన్‌కి మినహాయింపు దొరికింది.

ఈ పాత కథ ఎత్తడానికి కారణం ఉంది. ఇంధనం ఖర్చు ఇంత, కాబట్టి సర్‌చార్జీ ఇంత అని లెక్క కట్టి వేసేదైతే, పోటీ కంపెనీతో మాట్లాడుకోవలసిన అవసరమేముంది?

2012లో అమెరికా రవాణా శాఖ ఎయిర్‌లైన్లకి ఒక మాట గట్టిగా చెప్పింది. ఇంధన సర్‌చార్జీ అని పేరు పెడితే అది నిజంగా ఇంధన ఖర్చుకి తగ్గట్టు ఉండాలి అని. ఆ తర్వాత అక్కడ చాలా సంస్థలు పేరు మార్చేశాయి. 'ఎయిర్‌లైన్ విధించే సర్‌చార్జీ' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాయి. అంకె అలాగే ఉంది. అదే ఏడాది బ్రిటిష్ ఎయిర్‌వేస్ మైళ్ళ ప్రోగ్రాంలో ఉన్న కొందరు అమెరికా సభ్యులు ఆ సంస్థ మీద దావా వేశారు. రివార్డు టికెట్ల మీద వసూలు చేస్తున్న ఇంధన సర్‌చార్జీకీ ఇంధనం ధరకీ సంబంధం లేదన్నది వాళ్ళ ఫిర్యాదు. 2018లో అది రాజీతో ముగిసింది.

2014 జూన్‌లో బ్యారెల్ చమురు 115 డాలర్ల దాకా ఉంది. 2016 జనవరికి 30 డాలర్ల దిగువకి పడిపోయింది. చమురుతో పాటే పెరిగిన చార్జీ చమురుతో పాటే దిగిపోవాలి కదా. కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల పేరు మారింది, చాలాచోట్ల కదల్లేదు. ఆ రోజుల్లోనే, 2015లో, ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటాస్ తన అంతర్జాతీయ టికెట్ల మీద ఇంధన సర్‌చార్జీని బేస్ ఫేర్‌లో కలిపేసింది. డబ్బుతో కొనేవాళ్ళకి దాంతో తేడా ఏమీ లేదు, ఇచ్చే మొత్తం ఒకటే. పాయింట్లతో కొనేవాళ్ళకి మాత్రం ఆ చార్జీ విడిగా మిగిలిపోయింది. 2019లో దాన్ని బాగా తగ్గించారు, అది మెచ్చుకోవలసిన విషయమే. కానీ బేస్ ఫేర్‌లో కలిసిపోయిన ఖర్చు రివార్డు టికెట్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ విడిపోవడం ఎలా సాధ్యం? నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు.

అసలు బేస్ ఫేర్‌లో కలపకుండా విడిగా ఉంచడంలో ఎయిర్‌లైన్‌కి చాలా లాభాలున్నాయి. ఏజెంట్ కమిషన్ మామూలుగా బేస్ ఫేర్ మీదే లెక్క కడతారు. కంపెనీలకిచ్చే డిస్కౌంట్లూ అంతే. బేస్ ఫేర్ ఎంత చిన్నదైతే ఆ కోతలన్నీ అంత చిన్నవి. రివార్డు టికెట్ మీద వసూలు ఆ ఏర్పాటులోనే వచ్చిపడిన అదనపు ఆదాయం.

ఒకే సీటు, ఒకే ఇంధనం

ఇంధనం ఖర్చు నిజమే కదా అనేవాళ్ళకి నేను చెప్పే ఉదాహరణ ఒకటుంది. లుఫ్తాన్సా విమానంలో ఒక రివార్డు సీటు తీసుకోండి. ఆ సంస్థ సొంత ప్రోగ్రాం మైల్స్ అండ్ మోర్ ద్వారా బుక్ చేస్తే సర్‌చార్జీ పడుతుంది, దూర ప్రయాణాల్లో అది పెద్ద మొత్తమే. అదే విమానంలో అదే క్యాబిన్‌లో సీటుని, లుఫ్తాన్సాతో పొత్తున్న అమెరికా ఎయిర్‌లైన్ యునైటెడ్ మైళ్ళతోనో, ఎయిర్ కెనడా వాళ్ళ ఏరోప్లాన్ పాయింట్లతోనో బుక్ చేస్తే ఆ సర్‌చార్జీ ఉండదు. పన్నులు కడితే చాలు. ఏరోప్లాన్ అయితే పార్టనర్ విమానాలకి ఒక చిన్న బుకింగ్ ఫీజు తీసుకుంటుంది.

ఇద్దరు ప్రయాణికులు పక్కపక్కనే కూర్చున్నారు. విమానం ఇద్దరికీ ఒకటే, కాల్చిన ఇంధనం ఒకటే. ఒకరు సర్‌చార్జీ కట్టారు, ఇంకొకరు కట్టలేదు. పైగా కట్టింది ఆ ఎయిర్‌లైన్‌కే విధేయంగా ఉన్న సొంత సభ్యుడు. సర్‌చార్జీ ఎంతో నిర్ణయించేది ఎవరి మైళ్ళన్న సంగతే తప్ప ట్యాంకులో పోసిన ఇంధనం కాదని ఇంతకన్నా స్పష్టంగా ఏం చెబుతుంది?

ఎయిర్‌లైన్లు ఒకదానికొకటి లోపల డబ్బు సర్దుకుంటాయి, కాబట్టి ఖర్చు ఎవరో ఒకరు భరిస్తారు. అది నేను కాదనను. యునైటెడ్, ఏరోప్లాన్ ఆ ఖర్చుని మైళ్ళ ధరలో కలుపుకుంటాయి. నేను అడిగేది కూడా సరిగ్గా అదే.

మా పిన్ని అడిగిన ప్రశ్న

మా పిన్ని కూతురు చాలా దూర దేశంలో ఉంటుంది. ఇంట్లో ఏ పెద్ద ఖర్చు వచ్చినా పిన్ని క్రెడిట్ కార్డు మీదే పెట్టి, మైళ్ళు కూడబెట్టి, బిడ్డ దగ్గరికి వెళ్దామనుకుంది. కావలసినన్ని అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బుకింగ్ మొదలుపెట్టింది. తేదీ దొరికింది, సీటు దొరికింది, మైళ్ళు సరిపోయాయి. ఆఖరి పేజీలో కట్టవలసిన డబ్బు చూసి ఆగిపోయింది. అంతకుముందు వారం సేల్‌లో చూసిన మామూలు ఎకానమీ టికెట్ ధరకి అది మరీ దూరంగా లేదు.

"ఇంత డబ్బు కట్టేటప్పుడు మరి నా మైళ్ళు దేనికి తీసుకుంటున్నార్రా?" అంది.

నేను బేస్ ఫేర్, వైక్యూ అంటూ చెప్పబోయాను. విని, "అయితే ఇది ముందు పేజీలోనే చెప్పాలి కదా" అంది. చివరికి డబ్బుతోనే టికెట్ కొనుక్కుంది. మైళ్ళు అకౌంట్‌లో అలాగే ఉన్నాయి. ఎయిర్‌లైన్ వైపు నుంచి చూస్తే ఇది ఎంత లాభమో ఆలోచించండి. ఆ మైళ్ళ డబ్బు వాళ్ళకి ఎప్పుడో ముట్టింది, టికెట్ డబ్బూ ముట్టింది.

పాయింట్లు ఊరికే వచ్చాయా

ఇక నా స్నేహితుడి మాట దగ్గరికి వస్తాను. పాయింట్లు ఊరికే రావు. వాటిని ఎవరో కొన్నారు. క్రెడిట్ కార్డు ద్వారా వచ్చే ప్రతి మైలునీ బ్యాంకు ఎయిర్‌లైన్ దగ్గర డబ్బిచ్చి కొని మనకిస్తుంది. ఇది చిన్న వ్యాపారం కాదు. కార్డుల కంపెనీ అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌తో ఉన్న ఒప్పందం వల్ల డెల్టా ఎయిర్‌లైన్స్‌కి 2024లో 700 కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి. 2020లో విమానాలన్నీ నేలమీద నిలిచిపోయినప్పుడు యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ ప్రోగ్రాంని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. అప్పుడు ఆ ప్రోగ్రాంకి కట్టిన విలువ సుమారు 2,200 కోట్ల డాలర్లు, స్టాక్ మార్కెట్‌లో మొత్తం కంపెనీకున్న విలువకన్నా ఎక్కువ. డెల్టా 900 కోట్లు, మరుసటి ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1,000 కోట్లు ఇదే పద్ధతిలో తెచ్చుకున్నాయి. ఊరికే పంచిపెట్టే వస్తువుని తాకట్టు పెట్టుకుని ఎవరూ అన్ని వందల కోట్లు ఇవ్వరు.

విమానం ఎక్కి సంపాదించిన మైళ్ళయినా అంతే. ఆ టికెట్ కొన్న డబ్బులో కొంత భాగం రాబోయే సీటు కోసమని కంపెనీ తన లెక్కల్లో బాకీగా రాసుకుంటుంది. అంటే డబ్బు ముందు తీసుకున్నారు, సేవ తర్వాత ఇస్తామన్నారు. మధ్యలో సర్‌చార్జీ పెంచితే, అమ్మేసిన వస్తువు ధరని అమ్మాక పెంచినట్టు. బస్సు పాస్ ముందే అమ్మి, ఎక్కేటప్పుడు డీజిల్ డబ్బులు వేరే ఇవ్వమంటే ఎవరూ ఒప్పుకోరు.

ఇక్కడ నా వాదనకి బలమైన అడ్డంకి ఒకటుంది. ప్రోగ్రాం నిబంధనల్లో "ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది" అని ఉంటుంది, దాన్ని ఒప్పుకునే మనం చేరతాం. అమెరికా సుప్రీంకోర్టు దాకా ఈ తగువులు వెళ్ళాయి. 1995లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మీద వోలెన్స్ వేసిన కేసులో, ఎయిర్‌లైన్ తానే ఇచ్చిన ఒప్పందాన్ని తప్పిందని సభ్యులు దావా వేయవచ్చని కోర్టు అంది. 2014లో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్, గిన్స్‌బర్గ్ కేసులో మాత్రం, ఒప్పందంలో రాసి లేని సద్భావన (నిజాయితీగా నడుచుకునే) బాధ్యతని రాష్ట్ర చట్టం పేరుతో ఎయిర్‌లైన్ మీద రుద్దడం కుదరదంది. రెండూ కలిపి చూస్తే, కాగితం మీద ఉన్నదానికే బలం, కాగితం రాసేది వాళ్ళే. చట్టప్రకారం ఇది చెల్లుతుందని ఒప్పుకుంటాను. చెల్లుతుంది కాబట్టి న్యాయమైపోదు. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ నాలుగు పెద్ద ఎయిర్‌లైన్లని, పాయింట్ల విలువ తగ్గించడం గురించీ, కనిపించని ధరల గురించీ, అదనపు ఫీజుల గురించీ వివరాలు ఇవ్వమని అడిగింది. ఇది నా ఒక్కడి సణుగుడు కాదన్నమాట.

నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

ఒకటి, సర్‌చార్జీ వల్లే సీట్లు దొరుకుతున్నాయేమో. బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన విమానాల్లో ఇన్ని రివార్డు సీట్లు తప్పకుండా ఇస్తామని హామీ ఇస్తుంది. డబ్బు కూడా వస్తుంది కాబట్టే అలా ఇవ్వగలుగుతోందని వాదించవచ్చు. సర్‌చార్జీ లేని కొన్ని ప్రోగ్రాముల్లో మంచి సీటు వెతికి వెతికి అలసిపోయినవాళ్ళు నాకు తెలుసు. తక్కువ మైళ్ళూ ఎక్కువ డబ్బూ, లేదా ఎక్కువ మైళ్ళూ తక్కువ డబ్బూ అని ఒకే సీటుకి రెండు మూడు రేట్లు చూపించి ఎంచుకోమనే పద్ధతి కూడా కొన్నిచోట్ల వచ్చింది. అది నాకు నచ్చుతుంది. ఎంపిక మొదటి పేజీలోనే కనపడితే ఎవరికి ఏది లాభమో వాళ్ళే చూసుకుంటారు.

రెండోది ఇంకా లోతైనది, దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కార్డు వాడినప్పుడల్లా వ్యాపారి బ్యాంకుకి కొంత కట్టాలి. ఆ ఖర్చు సరుకు ధరలోనే కలుస్తుంది. కార్డు లేనివాళ్ళు, నగదుతో కొనేవాళ్ళు కూడా ఆ ధరే ఇస్తారు, వాళ్ళకి మైళ్ళు రావు. ఎన్నడూ విమానం ఎక్కని మనిషి నా బిజినెస్ క్లాస్ సీటులో కొంత భరిస్తున్నట్టే. అలాంటప్పుడు నేను సర్‌చార్జీ గురించి న్యాయం, అన్యాయం అని మాట్లాడొచ్చా? చాలాసేపు ఆలోచించాను. యూరోపియన్ యూనియన్ 2015లో క్రెడిట్ కార్డు లావాదేవీల మీద బ్యాంకులు తీసుకునే ఆ రుసుముకి 0.3 శాతం పరిమితి పెట్టింది. దానివల్ల అక్కడ కార్డు పాయింట్లు పలచబడ్డాయి. ఆ నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను, నాకు నష్టమైనా సరే. అయితే సర్‌చార్జీ పెంచితే ఆ నగదు మనిషికి పైసా తిరిగి రాదు. అతని దగ్గర తీసుకున్నదీ అక్కడే ఉంటుంది, మా పిన్ని దగ్గర తీసుకున్నదీ అక్కడే చేరుతుంది.

నేను అడిగేది

సర్‌చార్జీని నిషేధించమని నేననను. 2016 ఫిబ్రవరి నుంచి 2018 అక్టోబరు దాకా హాంకాంగ్‌లో ఇంధన సర్‌చార్జీ లేదు, ఆ తర్వాత మళ్ళీ అనుమతించారు. నిషేధం ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం. నిలిచినా ఎయిర్‌లైన్ ఆ లోటుని ఇంకోచోట పూడ్చుకుంటుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2017 మార్చిలో తన విమానాల రివార్డు టికెట్ల మీద ఇంధన సర్‌చార్జీ తీసేసింది. దాంతోపాటే ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇచ్చే 15 శాతం మైళ్ళ తగ్గింపునీ తీసేసింది, కొన్ని రేట్లూ పెంచింది. అప్పట్లో చాలామంది తిట్టారు. నాకు మాత్రం అది మర్యాదైన బేరంలా కనిపిస్తుంది. సీటు ధర ఇంత అని మైళ్ళలోనే చెప్పారు, ఎక్కువనిపిస్తే ఆ రోజే తెలిసిపోతుంది, దాచుకునేవాడు దానికి తగ్గట్టు దాచుకుంటాడు.

సర్‌చార్జీ ఉంచితీరాలంటే జపాన్ సంస్థల్లాగా ఉంచవచ్చు. ఏఎన్ఏ, జపాన్ ఎయిర్‌లైన్స్ తమ ఇంధన సర్‌చార్జీ పట్టికని బయటపెడతాయి. సింగపూర్ మార్కెట్లో విమాన ఇంధనం సగటు ధర ఇంతుంటే ఈ దూరానికి ఇంత అని అందులో ఉంటుంది. రెండు నెలలకోసారి మారుతుంది, ఇంధనం ధర దిగితే సర్‌చార్జీ కూడా దిగుతుంది, మరీ దిగితే సున్నా అవుతుంది. ఎక్కువున్నప్పుడు జేబు మీద భారమే, కానీ ఎందుకు పెరిగిందో ఎవరికైనా లెక్క కట్టి చూపించవచ్చు.

ఇంకొకటి కావాలి. సర్‌చార్జీ పెంచే ముందు సభ్యుడికి కనీసం కొన్ని నెలల గడువు ఇవ్వాలి, పాత రేటుకే బుక్ చేసుకునే వీలుండాలి. మైళ్ళ రేటు మారుస్తున్నప్పుడు చాలా ప్రోగ్రాములు ముందుగా చెబుతున్నాయి. సర్‌చార్జీ విషయంలో ఆ మర్యాద తక్కువ. రాత్రికి రాత్రి మారిపోతుంది, ప్రకటన ఉండదు, మర్నాడు బుక్ చేయబోయినవాళ్ళు కనిపెట్టి ఒకరికొకరు చెప్పుకోవాలి. మైళ్ళు పెరిగినా, సర్‌చార్జీ పెరిగినా మా పిన్నికి అదే సీటు ఇంకొంచెం దూరమవుతుంది. ఒకదానికి వర్తించే గడువు రెండోదానికి ఎందుకు వర్తించదో ఎయిర్‌లైన్లే చెప్పాలి.